వినపడని మాటను గీయడం

కాగితం మీద శబ్దం ఉండదు. బొమ్మల నవలలో ఎవరు అరిచినా, గుసగుసలాడినా, తలుపు ధడేల్మని మూసుకున్నా పాఠకుడు కంటితోనే వింటాడు. మరి ఆ కథ వినికిడి పోయిన పిల్లదైతే? ఎదుటి మనిషి మాట్లాడుతున్నాడు, ఆ మాట ఆ పిల్లకు అందడం లేదు. అసలే నిశ్శబ్దంగా ఉన్న పేజీలో ఈ రెండో నిశ్శబ్దాన్ని విడదీసి చూపించడం ఎలా? గడి పైన ‘ఆమెకు వినపడలేదు’ అని ఒక వాక్యం రాసి ఊరుకోవచ్చు. అప్పుడు పాఠకుడికి విషయం తెలుస్తుంది. ఆ పిల్ల పడ్డ తికమక మాత్రం తెలియదు.

ఈ చిక్కును నేను చదివినంతలో అందరికంటే శుభ్రంగా విప్పిన పుస్తకం ‘ఎల్ డెఫో’. 2014లో అమెరికాలో వచ్చింది. రాసిందీ బొమ్మలు గీసిందీ సీసీ బెల్, రంగులు వేసింది డేవిడ్ లాస్కీ. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసిన పుస్తకం. పెద్దవాళ్లు తిరగేస్తే సరదా కుందేలు బొమ్మలు కనపడతాయి, పేజీలు గబగబా వెళ్లిపోతాయి. ఒక్కో మాటల బుడగ దగ్గర ఆగి చూస్తేనే లోపల ఎంత లెక్క ఉందో తెలుస్తుంది.

కథ బెల్ సొంత బాల్యమే. ఆమె 1970లో పుట్టి వర్జీనియా రాష్ట్రంలో పెరిగారు. నాలుగేళ్ల వయసులో మెనింజైటిస్ వచ్చింది. ప్రాణం దక్కింది, వినికిడి చాలావరకు పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన పిల్ల చెవి మిషన్ పెట్టుకోవడం, పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడం, కొత్త ఊళ్లో కొత్త బడికి వెళ్లడం, స్నేహితురాలి కోసం వెతుక్కోవడం, ఇంతే కథ. ఈ పుస్తకానికి ముందు బెల్ చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు చేసేవారు. ఒక కుందేలు, ఒక రోబో కలిసి రాత్రి గడిపే ఆమె పుస్తకానికి 2013లో, చిన్నపిల్లల పుస్తకాలకు ఇచ్చే గైసెల్ ఆనర్ గౌరవం కూడా దక్కింది. అంటే తక్కువ గీతల్లో, తక్కువ మాటల్లో పని జరిపించడం ఆమెకు ముందే చేతికి వచ్చిన విద్య.

ఇక బుడగ దగ్గరకు వద్దాం. బుజ్జాయి గారి ‘డుంబు’ చదువుతూ పెరిగిన తెలుగువాళ్లకు మాటల బుడగ కొత్తది కాదు. అందులో నాలుగు భాగాలు ఉంటాయి: చుట్టూ గీత, మాట్లాడే మనిషి నోటివైపు చూపే తోక, లోపలి ఖాళీ, ఆ ఖాళీలో అక్షరాలు. నాలుగూ నాలుగు రకాల సంగతులు చెబుతాయి. చుట్టూ గీత నున్నగా ఉంటే మామూలు మాట, రంపం పళ్లలా ఉంటే అరుపు, మబ్బులా ఉంటే మనసులో అనుకున్నది. తోక ఎవరిదో చెబుతుంది. అక్షరాల పరిమాణం గొంతు స్థాయిని చెబుతుంది. పెద్ద బుడగలో చిన్న అక్షరాలు పెట్టి చుట్టూ తెలుపు వదిలితే గొంతు సన్నబడినట్టు అనిపిస్తుంది.

ఇంకో సంగతి ఉంది, పాఠకులు సాధారణంగా గమనించరు. కన్ను పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి కుడికి, కిందికి జారుతుంది. కాబట్టి ఒకే గడిలో ఇద్దరు మాట్లాడితే ముందు మాట్లాడేవాళ్లు ఎడమవైపు నిలబడాలి. లేకపోతే తోకలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, లేదా జవాబు ముందు, ప్రశ్న తర్వాత చదవాల్సి వస్తుంది. సంభాషణ వరుస మనుషులు నిలబడే చోటును నిర్ణయిస్తుంది. బొమ్మల నవల రాసేవాళ్లు మాట రాస్తున్నప్పుడే మనిషిని ఎక్కడ నిలబెట్టాలో కూడా రాస్తున్నట్టే లెక్క.

ఈ నాలుగు భాగాల్లో మూడింటిని బెల్ ముట్టుకోలేదు. గీత అలాగే ఉంటుంది, తోక అలాగే ఉంటుంది, బుడగ పరిమాణమూ అలాగే ఉంటుంది. మార్చింది అక్షరాలను మాత్రమే. జబ్బు తర్వాత అమ్మ నోరు కదిలినప్పుడు బుడగ వస్తుంది, తోక అమ్మ నోటికే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. పాఠకుడికి తెలుస్తుంది: మాట పుట్టింది, గాలిలోకి వచ్చింది, చేరాల్సిన చోటికి చేరలేదు. బుడగే గీయకుండా ఉంటే అమ్మ మౌనంగా ఉందని అనుకునేవాళ్లం. బుడగ గీసి ఖాళీగా వదలడం వల్ల లోపం మాటది కాదు, దారిది అని తేలిపోయింది. ముందు అడిగిన రెండో నిశ్శబ్దం ఇలా మొదటిదాని నుంచి విడిపోయింది.

చెవి మిషన్ వచ్చాక బుడగల్లోకి అక్షరాలు తిరిగి వస్తాయి. కానీ అవి అర్థమయ్యే మాటలు కావు. నల్లగా, దిట్టంగా, స్పష్టంగా ముద్రపడిన అక్షరాలే, కలిపి చదివితే మాత్రం గజిబిజి. ఇక్కడే బెల్ పనితనం నన్ను కట్టిపడేసింది. చెవి మిషన్ శబ్దాన్ని పెంచుతుంది. పెంచినంత మాత్రాన మాట తేటపడదు. లోపలి చెవిలో దెబ్బతిన్న భాగం పెద్ద శబ్దాన్ని కూడా తనకు చేతనైనంతే విడమరచగలదు. వినికిడి ఉన్నవాళ్లకు ఈ తేడా ఎంత చెప్పినా ఎక్కదు, ‘మిషన్ పెట్టుకున్నావుగా, ఇంకేం’ అంటారు. బెల్ ఈ రెండింటినీ రెండు వేరు మీటలకు కట్టారు. అక్షరం ఎంత నల్లగా ఉందన్నది శబ్దం స్థాయి. అక్షరాల కూర్పు ఎంత సరిగా ఉందన్నది మాట స్పష్టత. ఒకటి పెంచినా రెండోది పెరగదని పదేళ్ల పాఠకుడు వివరణ ఏమీ లేకుండానే పట్టుకుంటాడు.

మొదటి మీటను ఆమె విడిగా కూడా వాడతారు. మిషన్‌లో బ్యాటరీ అయిపోతూ ఉంటుంది. ఎదుటివాళ్ల మాట నలుపు నుంచి బూడిద రంగుకు, అక్కడి నుంచి ఇంకా పలచనికి దిగుతుంది, చివరికి తెల్ల కాగితంలో కలిసిపోతుంది. మాట్లాడే మనిషి ముఖంలో ఏ మార్పూ ఉండదు, ఎందుకంటే ఆ మనిషి గొంతు తగ్గించలేదు. మసకబారింది ఈ వైపున. చదివే పిల్లలు ఏం చేస్తారంటే పుస్తకాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుంటారు. సరిగ్గా ఆ సమయంలో కథలోని సీసీ కూడా మాట కోసం ముందుకు వంగే ఉంటుంది.

రెండో మీట పెదవులు చదివే ఘట్టాలలో పనిచేస్తుంది. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడమంటే ఏమిటో తెలుగులో పరీక్షించి చూడవచ్చు. గొంతు పెగల్చకుండా పాట, బాట, మాట అని పలకండి. ఎదుట కూర్చున్నవాళ్లకు మూడూ ఒక్కటే. పెదవులు రెండూ కలిసి విడిపోవడం ఒక్కటే కనపడుతుంది. స్వరతంత్రులు కంపించాయా, గాలి ముక్కులోంచి పోయిందా అన్నది బయటికి తెలియదు. క, గ లాంటివి ఇంకా కష్టం, అవి నోటి వెనకభాగంలో పుడతాయి. కాలి అన్నా గాలి అన్నా పెదవి మీద తేడా ఉండదు. అందువల్ల పెదవులు చదివేవాళ్లు కనపడిన సగానికి సందర్భం నుంచి మిగతా సగం కలుపుకోవాలి. సందర్భం తెలియని మాట ఎదురైతే ఊహ తప్పుతుంది. పుస్తకంలో ఎవరో తాగడానికి ఏం కావాలని అడిగితే సీసీ బుడగలో ఏవేవో వింత వస్తువులు కనపడతాయి. ఆ తప్పులు ఇష్టం వచ్చినట్టు పెట్టినవి కావు. పెదవి మీద ఒకేలా కనపడే ధ్వనుల మధ్యే జరుగుతాయి. నవ్వు వస్తుంది, నవ్విన మరుక్షణం ఆ పిల్ల ఏం జవాబు చెప్పాలో తెలియక నిలబడ్డ తీరు కూడా కనపడుతుంది.

ఈ విద్యకు కావలసిన షరతులను కూడా బెల్ కథలోనే పరిచారు. ముఖం ఎదురుగా ఉండాలి, వెలుగు ఉండాలి, చెయ్యి నోటికి అడ్డం రాకూడదు, దట్టమైన మీసాలు ఉండకూడదు. స్నేహితురాళ్లంతా ఒక ఇంట్లో పడుకున్న రాత్రి దీపం ఆర్పేశాక మిగతా పిల్లలకు అసలు కబుర్లు మొదలవుతాయి, సీసీకి కబుర్లు అక్కడితో అయిపోతాయి. జినీ అనే పిల్ల ప్రేమ కొద్దీ ప్రతి మాటనూ సాగదీసి, గట్టిగా పలుకుతుంది. అలా సాగదీస్తే సీసీకి అలవాటైన పెదవి ఆకారమే చెదిరిపోతుంది. సాయం చేయబోయి అడ్డు తగలడమన్న మాట. ఆ పిల్ల మీద బెల్‌కు కోపం లేదు, సీసీ ఇబ్బందిని మాత్రం దాచరు. చిన్నపిల్లల పుస్తకంలో ఈ తూకం కుదరడం తేలిక కాదు.

ఇప్పుడు మొత్తం మీద చూస్తే ఒక నియమం బయటపడుతుంది. లోకమంతటా వాడుకలో బుడగ మాట్లాడేవాళ్ల సొత్తు. ‘ఎల్ డెఫో’లో తోక వరకే మాట్లాడేవాళ్లది, లోపలి అక్షరాలు వినే పిల్లవి. గడి పైన పెట్టెలో వచ్చే కథనం మాత్రం పెద్దయిన సీసీ గొంతు, అది ఎప్పుడూ తేటగా ఉంటుంది. అంటే ప్రతి పేజీలోనూ రెండు స్థాయిలు నడుస్తాయి: పెట్టెలో నిలకడగా చెప్పే పెద్ద మనిషి, బుడగల్లో తడబడుతూ పోల్చుకునే చిన్నపిల్ల. పిల్ల అయోమయంలో ఉన్నప్పుడు కూడా పాఠకుడు దారి తప్పడు, ఎందుకంటే పెట్టె పట్టుకుని నడిపిస్తుంది. వచన నవలలో ఇదే పని చేయాలంటే ప్రతి సంభాషణకూ ‘ఇది వినపడింది’, ‘ఇది వినపడలేదు’, ‘ఇది ఇలా వినపడింది’ అని తగిలించుకుంటూ పోవాలి. నాలుగో పేజీకి పాఠకుడు విసిగిపోతాడు.

పాత్రలన్నీ కుందేళ్లు ఎందుకయ్యాయో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. కుందేలుకు చెవులే ముఖ్యం, వినికిడీ గొప్పది. అందరికీ పెద్ద పెద్ద చెవులు ఉండి, అవి చక్కగా పనిచేసే లోకంలో ఒక్క కుందేలు చెవులే పనిచేయకపోతే ఆ కుందేలుకు ఎలా ఉంటుంది? తన బాల్యం తనకు అలాగే తోచిందని బెల్ చెప్పుకున్నారు. దాన్ని గీతలోకి దించేటప్పుడు ఇంకో లాభం కలిగింది. మనిషి చెవి తల పక్కన ఉంటుంది, జుట్టు కప్పేస్తుంది. కుందేలు చెవి తల పైన నిటారుగా ఉంటుంది. ఛాతీ మీద కట్టుకున్న మిషన్ నుంచి బయలుదేరిన తీగలు ముఖానికి రెండు వైపులా పైకి పాకి, అంత ఎత్తున చెవులకు తగులుకుంటాయి. దాచడానికి వీల్లేదు. అందరి కళ్లూ నా తీగల మీదే ఉన్నాయని ఆ పిల్ల పడే బాధను పక్కన మాటల్లో రాయనక్కరలేదు, ప్రతి గడిలోనూ అది బొమ్మ మధ్యలోనే ఉంది.

ఆ మిషన్ పేరు ఫోనిక్ ఇయర్. 1970లలో బడి పిల్లల కోసం వాడేవారు. పంతులమ్మ మెడలో మైక్రోఫోన్ వేసుకుంటుంది, అది ఆమె మాటను రేడియో తరంగాలుగా పంపిస్తుంది, పిల్ల ఛాతీ మీది పెట్టె అందుకుని తీగల ద్వారా చెవికి చేరుస్తుంది. రేడియో తరంగానికి గోడ అడ్డం కాదు. పంతులమ్మ మైక్రోఫోన్ తీయకుండా బయటికి వెళితే వరండాలో చెప్పుకున్న కబుర్లు, టీచర్ల గది ముచ్చట్లు, చివరికి బాత్‌రూమ్ చప్పుళ్లు కూడా తరగతిలో కూర్చున్న పిల్లకు వినపడతాయి. అందరికంటే తక్కువ వినే పిల్ల ఒక్కసారిగా అందరికంటే ఎక్కువ వింటుంది. టీవీలో వినికిడి లేని పిల్లను ఎవరో ఎగతాళిగా పిలిచిన పేరుతోనే సీసీ తనకు తాను ‘ఎల్ డెఫో’ అని పేరు పెట్టుకుని, ఎర్రటి కేప్ వేసుకుని, మనసులో మహాశక్తుల నాయిక అయిపోతుంది. ఇది అమెరికా కామిక్స్‌లో పాతుకుపోయిన పద్ధతి, శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కథ ఉండాలి. బెల్ ఆ పద్ధతిని కల్పన లేకుండా, మార్కెట్‌లో దొరికిన ఒక పరికరం పనితీరుతోనే నెరవేర్చారు.

ఇలాంటి పుస్తకం బల్ల మీద ఎలా తయారవుతుందో చూస్తే ఈ పొందిక కాకతాళీయం కాదని తెలుస్తుంది. ముందు థంబ్‌నెయిల్స్ వేస్తారు, అంటే అరచేతిలో పట్టేంత చిత్తు పేజీలు. మనుషులు పుల్లబొమ్మల్లా ఉన్నా పరవాలేదు. గడులెన్ని, ఏది పెద్దది, బుడగ ఎక్కడ కూర్చుంటుంది, ఏ గడి దగ్గర పేజీ తిప్పాలి, ఇవన్నీ ఇక్కడే తేలిపోవాలి. కుడి పేజీ చివరి గడికి ప్రత్యేక విలువ. ఆశ్చర్యపరిచేది ఏదైనా ఉంటే తిప్పిన తర్వాతి పేజీ మొదట్లో పెట్టాలి, లేకపోతే పక్క పేజీ మీద కన్ను ముందే పడి గుట్టు బయటపడుతుంది. ఎడిటర్ ఈ చిత్తు మీదే గట్టిగా కలగజేసుకుంటారు. తర్వాత పెన్సిల్, తర్వాత ఇంక్, తర్వాత రంగులు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వెనక్కి రావడం ఖరీదవుతుంది. ఇంక్ అయ్యాక మధ్యలో ఒక్క గడి చేర్చాలన్నా ఆ తర్వాతి పేజీల కుడి ఎడమలు తారుమారు కావచ్చు.

బెల్ పుస్తకంలో దీనికి తోడు ఒక అదనపు పని ఉంది. ఖాళీ బుడగకు కూడా కొలత కావాలి. లోపల ఒక్క మాట ఉండేదా, మూడు వాక్యాలు ఉండేవా అన్నది బుడగ వెడల్పే చెప్పాలి. అంటే పాఠకుడు ఎప్పటికీ చదవని మాటలను కూడా రచయిత్రి లెక్కలో పెట్టుకోవాలి.

పిల్లల కోసం బొమ్మల నవలలు చేసేవాళ్ల జీవితంలో ఎక్కువ భాగం ఇలా బల్ల దగ్గరే గడుస్తుంది. ఈ పుస్తకం ఇంచుమించు 240 పేజీలు. పేజీకి ఐదు గడులు వేసుకున్నా 1200 గడులు, వాటిలో అత్యధికం సీసీ ఉన్నవే. ఒకే ముఖం వెయ్యి సార్లు గీసినా వెయ్యోసారి కూడా అదే పిల్లలా ఉండాలి, ఆ క్షణానికి తగిన కొత్త మనసు కూడా కనపడాలి. అందుకే ముఖాన్ని తేలికగా కట్టుకుంటారు. సీసీ ముఖంలో ఉన్నవి కొద్ది గీతలే, కనుబొమ ఒక్క వెంట్రుకవాసి వంగితే బెరుకు, ఇంకాస్త వంగితే ఉక్రోషం. లాస్కీ రంగులు కూడా వెనక్కి తగ్గి సమతలంగా పరుచుకుంటాయి. నీడలు, మెరుపులు దట్టించి ఉంటే బూడిద రంగు అక్షరాల తేడా కంటికి ఆనేది కాదు.

ఈ రకం పుస్తకాలకు అమెరికాలో దారి ఏర్పడింది ఈ శతాబ్దంలోనే. స్కొలాస్టిక్ సంస్థ 2005లో గ్రాఫిక్స్ పేరుతో ప్రత్యేక విభాగం తెరిచి, జెఫ్ స్మిత్ ‘బోన్’ను రంగుల్లో తెచ్చింది. 2010లో రైనా టెల్గెమైర్ తన పళ్ల వైద్యం కథను ‘స్మైల్’గా వేశాక, మామూలు పిల్ల మామూలు బాధ కూడా బొమ్మల నవలకు సరిపోతుందని ఇంటింటా నిరూపణ అయింది. బహుమతుల దారి కూడా తెరుచుకుంది. అమెరికాలో పిల్లల పుస్తకాలకు 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ పతకం రచనకు ఇచ్చేది, బొమ్మకు కాదు. 2015లో న్యూబెరీ ఆనర్ పుస్తకాల్లో ‘ఎల్ డెఫో’ చేరింది, అదే ఏడాది కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ బహుమతీ వచ్చింది. 2020లో జెర్రీ క్రాఫ్ట్ ‘న్యూ కిడ్’ న్యూబెరీ పతకాన్నే గెలిచింది, బొమ్మల నవలకు అది దక్కడం అదే మొదలు. ‘ఎల్ డెఫో’ విషయంలో రచన ఎక్కడ ఆగి బొమ్మ ఎక్కడ మొదలైందో గీత గీయడం సాధ్యం కాదని నా అభిప్రాయం. ఖాళీ బుడగ కూడా ఆమె రాసినదే.

2022లో ఇదే కథ మూడు భాగాల యానిమేషన్‌గా వచ్చింది. అక్కడ శబ్దం ఉంది కాబట్టి మాటలను నిజంగానే మూగబోయేలా, మసకగా వినిపించారు. బాగుంది, కానీ అక్కడ కాలం యంత్రం చేతిలో ఉంటుంది. పుస్తకంలో పాఠకుడు పలచని అక్షరం దగ్గర తనకు కావలసినంతసేపు తంటాలు పడవచ్చు.

ఈ పుస్తకాన్ని తెలుగు చేయడమంటూ జరిగితే అక్షరాలు పేర్చేవాళ్లకే అసలు పరీక్ష. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, రోమన్ అక్షరాలకు కొలిచి గీసిన బుడగలో అన్ని వరుసలు పట్టవు. పలచబడే మాటల్లో సన్నటి ఒత్తులు ముందే మాయమై, మిగిలిన అక్షరం వేరే మాటగా చదివించే ప్రమాదం ఉంది, కాబట్టి వాటి నలుపును విడిగా చూసుకోవాలి. తప్పుగా పోల్చుకున్న మాటలనైతే అనువదించడం కుదరదు, కొత్తగా పుట్టించాలి. అద్దం ముందు కూర్చుని, గొంతు రాకుండా ఒక్కో మాటా పలికి, పెదవి మీద దానికి జంట ఏదో వెతకాలి. పప్పు, మబ్బు అని పలికి చూడండి. అమ్మ గరిటె పట్టుకుని పప్పు వెయ్యనా అని అడుగుతుంది. బుడగలో మాత్రం ‘మబ్బు వెయ్యనా’ అని ఉంటుంది, కంచం ముందు కూర్చున్న పిల్ల అవుననాలో కాదనాలో తెలియక అమ్మ ముఖంలోకి చూస్తూ ఉంటుంది.